గుడ్డ బాతు కడుపులో మేకులు

నేను ఒక గుడ్డ బాతుని. ఎగరలేను, గుడ్డు పెట్టలేను, అరవలేను. నీళ్ళలో పడేస్తే మాత్రం తేలతాను. అదీ నా గొప్ప కాదు, కడుపులో కూరిన బూరుగు దూదిది. నన్ను చేసిందే కరిపించడానికి. నోట కరుచుకుని కూడా పళ్ళు దిగకుండా ఎలా మొయ్యాలో ఒక కుక్కపిల్లకి నేర్పడానికి. ఆ చదువు అవసరం మనుషులకే ఎక్కువగా ఉండగా ముందు కుక్కలతో ఎందుకు మొదలెట్టారో నాకు తెలీదు.

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఎవరి మీదా ప్రేమ లేదు. మా యజమాని జగ్గరాజుని ఊరంతా గారూ అంటుంది, నేను అనను. నా మొహాన్ని ఏడాదిపాటు చొంగతో తడిపిన కుక్క మీదా నాకు మొదట్లో జాలి లేదు. నా వైపు నుంచి వింటే కథ ఇలాగే ఉంటుంది మరి. నచ్చకపోతే తుపాకిని అడగండి, అది ఇంకోలా చెప్తుంది.

ఆకివీడు దాటాక కొల్లేటి ఒడ్డున ఉన్న ఊరు మాది. పటాలం నుంచి తిరిగొచ్చిన ఎవడో సంతలో అమ్ముకున్న ఖాకీ సంచి నాకు చర్మం. లోపల దూది, బరువుకి కాస్త ఊక. పక్కలకి నిజం పరజ రెక్కలు రెండు. పరజలంటే చలికాలం ఉత్తరాది నుంచి కొల్లేటికి దిగే బాతులు. ఆ రెక్కల అసలు సొంతదారు అంతకు ముందురోజే జగ్గరాజు ఇంట్లో పులుసై పోయింది.

నన్ను కుట్టింది ఆయన భార్య బంగారయ్యమ్మ. పెరటి మెట్టు మీద కూర్చుని, దబ్బనంతో, కుట్టుకో తిట్టు చొప్పున కుట్టింది.

"వడియాలు ఎండలో ఉన్నాయి, పశువులకి కుడితి పెట్టలేదు. బాతుబొమ్మలు కుట్టడమొక్కటే తక్కువైంది నా బతుక్కి."

"బొమ్మ కాదే. డమ్మీ అంటారు దాన్ని," అన్నాడు జగ్గరాజు. ఆయన చేతిలో ఓ ఇంగ్లీషు పుస్తకం ఉంది, వేటకుక్కల పెంపకం మీద.

"దమ్మిడీకి కొరగానిదానికి ఆ పేరే సరిపోయింది లెండి."

కుట్టు మాత్రం గట్టిగా కుట్టింది. తిట్టినా, పెట్టినా, కుట్టినా ఆవిడ చేతిలో వదులు ఉండదు.

అసలు కుక్క ఎందుకు కావలసి వచ్చిందంటే, జగ్గరాజుకి జోడుగొట్టాల తుపాకి ఉంది, గురి ఉంది, లేనిదల్లా కొట్టిన పిట్ట. పరజ దెబ్బ తిని కిక్కిస గడ్డిలో పడితే ఇక దొరికేది కాదు. దోనె తోసే ఏడుకొండలు మొదట్లో మొల లోతు బురదలో దిగి, జలగలు కరిపించుకుని, గడ్డికి ఒళ్ళు కోయించుకుని వెతికి తెచ్చేవాడు. ఓసారి రెండు పిట్టలు దొరక్కపోతే జగ్గరాజు నోరు జారాడు. గడ్డిలో దాచిపెట్టి తర్వాత వచ్చి పట్టుకుపోతున్నావన్నాడు. మర్నాటి నుంచి ఏడుకొండలు దోనె తోస్తాడు, అంతే.

"దిగనండి బాబయ్యా. దిగితే దొంగనవుతాను కదండి," అనేవాడు, ఎంతో మర్యాదగా.

ఇక రెండోవాడు వల్లభరాజు. బంగారయ్యమ్మకి సొంత తమ్ముడు, పక్క వీధిలోనే కాపురం. అతని దోనెలో దిగి వెతికేందుకు ఇద్దరు పాలేర్లు ఉండేవాళ్ళు. వేట నుంచి వస్తూ గుత్తిగా కట్టిన పరజల్ని బావగారి అరుగు మీద కావాలని దించి, మంచినీళ్ళడిగేవాడు.

"బావ వేటకెళ్తే పరజలకి భయం లేదక్కా. చచ్చినా వాటి ఇంట్లోనే ఉంటాయి," అనేవాడు, నీళ్ళు తాగుతూ.

ఆ మాట జగ్గరాజుకి అన్నం సయించనిచ్చేది కాదు. చివరికి, నీలగిరిలో కాఫీ తోట అమ్ముకుని సీమకి వెళ్ళిపోతున్న ఓ దొర దగ్గర్నుంచి జున్ను రంగు కుక్కపిల్లని బుట్టలో పెట్టి రైల్లో తెప్పించాడు. ఆడపిల్ల. దొరలు పెట్టిన పేరు బెస్సీ. ఊళ్ళో వాళ్ళు బెస్సమ్మ అన్నారు. బంగారయ్యమ్మ ఏ పేరుతోనూ పిలవలేదు. ఆరేసిన చీర కొంగు మొదటి రోజే నమిలేసినందుకు అట్లకాడ చూపించి, "ఈ గడప దాటావా, తిరగేసి వాత పెడతాను," అంది. ఆ కుక్క నేర్చుకున్న మొదటి పాఠం ఆ గడపే. పుస్తకంలో లేనిది.

తర్వాతి పాఠాలన్నీ నా మీదే జరిగాయి.

జగ్గరాజు చదువు బీఏ తప్పడం దగ్గర ఆగింది. పుస్తకంలో అర్థమైనంత అర్థమైంది, కానిచోట పౌరుషంతో పూడ్చుకున్నాడు. అయినా నిజం చెప్పాలి, మొదట్లో బాగానే నేర్పాడు. కోతైన చేలోకి పొద్దున్నే తీసుకెళ్ళేవాడు. "సిట్" అంటే కూర్చోవాలి. నన్ను విసిరినా కదలకూడదు. "ఫెచ్" అన్నాకే పరుగెత్తాలి, నడుం పట్టుకుని ఎత్తాలి, వచ్చి ఎదురుగా కూర్చుని, "గివ్" అనగానే ఆయన చేతిలో వదలాలి. నడిపొలంలో, తర్వాత కాలవలో, తర్వాత తూటికాడ తీగల్లో. తుపాకి చప్పుడుకి బెదరకుండా అన్నం తినేటప్పుడు పక్కనే డబ్బా మోగించేవాడు, ఆ తర్వాత నిజం తూటాలే పేల్చేవాడు. నన్ను గాల్లోకి విసిరి, తుపాకి పేల్చి, తెమ్మనేవాడు.

నా సంగతి ఎవరు చూశారు? పాలపళ్ళు సూదుల్లా ఉండేవి. అవి ఊడి గట్టివి వచ్చేటప్పుడు దురదకి నన్ను నమిలింది. రెక్కలు ఊడితే బంగారయ్యమ్మ మళ్ళీ కుట్టింది, మళ్ళీ తిట్టింది. అయితే రానురాను ఆ నోరు మెత్తబడింది. నన్ను పట్టుకున్నట్టే ఉండదు. నిద్రలో పాపని పక్కకి జరిపే తల్లి చెయ్యిలా పట్టుకునేది. ఓరోజు కోళ్ళ గూట్లోంచి గుడ్డు ఒకటి నోట పట్టుకొచ్చి, ఎవరూ అడక్కుండానే జగ్గరాజు అరచేతిలో పెట్టింది. ఎక్కడా బీట లేదు. ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడాది చాకిరీ చేసిన నావైపు చూశాడా అంటే, లేదు. గుడ్డునే చూసుకున్నాడు.

ఆ సీజన్లో మొదటి వేటకి తీసుకెళ్ళాడు. నన్ను నడుముకి కట్టుకున్నాడు, కుక్కకి ధైర్యంగా ఉంటుందని. మొదటి పరజని బెస్సీ ఈక చెదరకుండా తెచ్చి ఇచ్చింది. ఏడుకొండలు కూడా "అబ్బో" అన్నాడు. కథ అక్కడితో అయిపోవచ్చు. కానీ ఈ ఇంటి వాళ్ళకి తాతలు ఉన్నారు.

జగ్గరాజు తాతలు మెట్ట అడవుల్లో పందుల్ని వేటాడినవాళ్ళు. వాళ్ళ కుక్కల పని వేరు. పందిని పట్టి చీల్చాలి. పంది పడ్డచోటే పొట్ట కోసి వేడి పేగులు కుక్కల ముందు వేసేవాళ్ళు, దాన్ని రక్తవాటా అనేవాళ్ళు. వాటా పెట్టకపోతే వేటదేవతకి కోపమని నమ్మకం. జగ్గరాజు అదే పని చేశాడు. గట్టు మీద పరజ పొట్ట చీల్చి, కార్జం, తలకాయ తీసి బెస్సీ ముందు పెట్టాడు. అది వాసన చూసి వెనక్కి తగ్గి ఆయన మొహంలోకి చూసింది. ఏడాదంతా వద్దని నేర్పింది ఆయనే కదా.

"బాబయ్యా, ఆ పుస్తకంలో ఇలా పెట్టమని ఉందాండి?" అన్నాడు ఏడుకొండలు.

"వద్దనే ఉంది. ఆ దొరకేం తెలుసు? రక్తం రుచి తెలీని కుక్క వేటకుక్కెలా అవుద్ది? మా తాత చేసింది తప్పంటావా?"

"మీ తాతగారి కుక్కలు పందిని మీ చేతికి తెచ్చియ్యలేదు కదండి."

"నువ్వు దోనె తొయ్యి."

నెత్తురు వేలితో తీసి కుక్క పెదాలకి పూశాడు. అది నాలుక చాపి నాకింది. తర్వాత తినేసింది. తోక కూడా ఊపింది. ఆ తోకంటే నాకు అసహ్యం. నెత్తురు పూసినా ఊపుతుంది.

తర్వాతేమైందో చెప్పక్కర్లేదు. ఈకలున్నదల్లా తిండే అని దానికి తెలిసిపోయింది. మూడో వేటకి తెచ్చిన పరజలు నలిగి వచ్చాయి. ఆ తర్వాత తెచ్చినవి ముద్దలు. నా మీద కూడా పళ్ళు దిగాయి. వల్లభరాజు అరుగు మీద కూర్చుని, అలాంటి ముద్దనొకదాన్ని కాలు పట్టుకుని పైకెత్తి చూశాడు.

"ఇది వేటా బావా, రోటిపచ్చడా?"

జగ్గరాజు ఆ ముద్దని లాక్కుని అరుగు కిందికి విసిరేశాడు.

"అక్కకి పని తగ్గింది లెండి. నమిలి తెచ్చింది, మింగడమే తరువాయి. మా పాలేర్లకి పళ్ళున్నాయి గానీ పాపం, వాళ్ళకింత చదువు రాలేదు."

"కనుమకి వేటకొస్తావుగా," అన్నాడు జగ్గరాజు. "అప్పుడు చూడు. పరజని చెక్కు చెదరకుండా తెచ్చి నా చేతికి ఇవ్వకపోతే, ఈ కుక్కని నేనే కాల్చి పారేస్తాను."

"వద్దులే బావా. కోపంలో అంటారు, తర్వాత మర్చిపోతారు. మీకు మామూలేగా."

"ఈ ఇంట్లో అన్నమాట వెనక్కి తీసుకున్నవాడు ఎవడూ లేడు."

"సరే. నేను సాక్షి," అని నీళ్ళు తాగి లేచాడు వల్లభరాజు. లోపల గుమ్మం పక్క బంగారయ్యమ్మ నిలబడి ఉంది. చేతిలో చెంబు అలాగే ఉంది.

ఇప్పుడు నా కడుపులోకి మేకులు వచ్చిన సంగతి.

కరిచే కుక్కకి మేకులున్న బొమ్మని ఇస్తే కరవడం మానేస్తుందని జగ్గరాజు ఎక్కడో విన్నాడు. నా పొట్ట కుట్టు చాకుతో తెంపాడు. చెప్పులకి కొట్టే చిన్న మేకుల్ని తోలు ముక్కకి గుచ్చి, మొనలు బయటికి ఉండేలా లోపల చుట్టాడు. పైన ఈకలు కప్పాడు. మొరటు కుట్లు నాలుగు వేశాడు.

నిజం చెప్పమంటే చెప్తాను. నాకు సంతోషం వేసింది. ఇన్నాళ్ళూ కరిపించుకున్నాను, ఇప్పుడు నాకూ పళ్ళొచ్చాయి అనుకున్నాను. ఇక నేనూ కరుస్తాను.

"ఫెచ్."

బెస్సీ ఉరుక్కుంటూ వచ్చి నన్ను కరిచింది. అరిచింది. వదిలేసింది. జగ్గరాజు ఈల వేశాడు, తెమ్మన్నాడు. అది మళ్ళీ పట్టుకుంది. ఈసారి అరవలేదు, నోరు వణికింది. నెత్తురు నా దూదిలోకి వెచ్చగా ఇంకింది. అలాగే మోసుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన "గుడ్" అన్నాడు. మళ్ళీ విసిరాడు. వారం తిరిగేసరికి నన్ను చూస్తేనే అది బొడ్డు కింద తోక ముడుచుకుని పొట్ట మీద పాకేది. ఆ తర్వాత అసలు ముట్టుకోలేదు. కొట్టే కర్ర విరిగినా ముట్టుకోలేదు. పక్షినీ ముట్టలేదు. కరవడం మాన్పించాడు, నిజమే. పట్టుకోవడం కూడా మానిపోయింది.

"మొండిది. జాతే మొండి జాతి," అని నన్ను సావిట్లో చిలక్కొయ్యకి తగిలించి, పండగ దాకా చూద్దామని ఊరుకున్నాడు.

బంగారయ్యమ్మకి ఆ సంగతి అన్నం గిన్నె దగ్గర తెలిసింది. కుక్క తినకుండా వదిలేసిన అన్నం ఎర్రగా ఉంది. ఆవిడ దాని దవడ పట్టుకుని నోరు తెరిచి చూసింది. తర్వాత నేరుగా సావిట్లోకి వచ్చి నన్ను దింపి, పొట్ట మీద వేలు పెట్టి నొక్కింది. వేలికి గుచ్చుకుంది.

నాకు ఇప్పటికీ బాగా గుర్తున్నది ఏంటంటే, ఆవిడ మొదట కుక్క గురించి మాట్లాడలేదు. "నా కుట్టు విప్పాడు," అంది. "నేను కుట్టిన కుట్టు విప్పి, నాకొక్క ముక్క చెప్పకుండా, అందులో ఇది పెట్టాడు." ఆ మాట చాలాసార్లు అనుకుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి పేరుకున్న కోపమంతా ఆ కుట్టు దగ్గర వచ్చి నిలబడింది.

మధ్యాహ్నం భోంచేసి జగ్గరాజు పడక కుర్చీలో గురక పెడుతుంటే, ఆవిడ పెరటి మెట్టు మీద కూర్చుని నా పొట్ట తెరిచి, పట్టకారుతో ఒక్కో మేకూ లాగి పొయ్యి బూడిదలో పడేసింది. తోలు ముక్క పీకేసి, మళ్ళీ దూది కూరి, మొదటికంటే దగ్గర దగ్గరగా కుట్టింది. నాకు వచ్చిన పళ్ళు అలా ఊడిపోయాయి.

"ఒసే, ఇలా రా," అంది కుక్కని. అది రాలేదు.

"రాకపోతే పో. నిన్ను బతిమాలడానికి నేనేమైనా నీ పెళ్ళిపెద్దనా? కనుమకి నిన్ను కాల్చేస్తాడు. నాకేం, పీడా పోతుంది."

అంటూనే నన్ను తన చెంపకేసి అదుముకుంది. "చూడు. గుచ్చుకుందా? లేదు. మరి నీకేం రోగం?"

అది చూసింది. దగ్గరికి రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ తర్వాత ఆవిడ నన్ను నడుం దగ్గర కొంగులో దోపుకుని పనులు చేసుకోవడం మొదలెట్టింది. చింతపండు పిసికినా, పిడకలు చరిచినా, పసుపు దంచినా నేను అక్కడే. ఆయన సావిట్లోకి వచ్చే వేళకి మాత్రం మళ్ళీ చిలక్కొయ్యకే తగిలించేది. నా ఒంటికున్న తుపాకి మందు కంపు పోయి ఆవిడ వంటింటి కంపు పట్టింది. ఓ రోజు అట్లకాడ పాఠం నేర్చిన ఆ కుక్క గడప బయటే నిలబడి మెడ చాపి నన్ను వాసన చూసింది. ఆవిడ కదలకుండా, తిట్టకుండా కూర్చుంది. ఆవిడ తిట్టకుండా కూర్చోవడం నేను చూడ్డం అదే మొదలు. పంటి చివరతో నన్ను అందుకుంది. ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ మెడ చాపి ఆవిడ ఒళ్ళో వదిలేసింది.

"ఆఁ. ఇదెవరు నేర్పారు నీకు, ఇంత బద్ధకంగా ఇవ్వడం? మళ్ళీ తే."

తర్వాత గడ్డివాము దాకా విసిరింది. తర్వాత దొడ్డి కాలవలోకి. చివరికి కాళ్ళు కట్టిన కోడిపెట్టనే కొబ్బరి పాదులో పెట్టి తెమ్మంది. అది బతికున్న పెట్టని ఈక నలగకుండా తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టింది. పెట్ట తిట్టుకుంటూ గూట్లోకి పోయింది. బెస్సీ మొహాన్ని రెండు చేతులా పట్టుకుని ఆవిడ ఏదో అంది, నాకు వినపడలేదు. వినపడినా మీకు చెప్పను.

ఒక్క సంగతి ఆవిడకి తట్టలేదు. నోరు బాగైన దగ్గర్నుంచి అది తెచ్చిందల్లా ఒక్క చేతికే అలవాటు పడింది. ఆ చెయ్యి జగ్గరాజుది కాదు.

కనుమ పొద్దున్న మంచు పట్టి ఉంది. జగ్గరాజు చిలక్కొయ్య మీంచి నన్ను తీసి, పరీక్షగా చూడకుండానే నడుముకి కట్టుకున్నాడు. ఈసారి ధైర్యానికి కాదు, బెదిరింపుకి. బంగారయ్యమ్మ గుమ్మంలో నిలబడింది.

"దాన్ని తిరిగి తీసుకురండి."

"అది దాని నోటి మీద ఉంది."

"మీ నోటి మీద ఉంది," అంది ఆవిడ.

దోనెలు రెండూ కిక్కిస అంచున పక్కపక్కనే ఆగాయి. వల్లభరాజు తుపాకి ఒళ్ళో పెట్టుకుని, కొట్టడానికి కాకుండా చూడ్డానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. పరజల గుంపు లేచింది. జగ్గరాజు రెండు గొట్టాలూ పేల్చాడు. ఒకటి రెక్క విరిగి గడ్డిలో పడింది.

"ఫెచ్."

బెస్సీ గడ్డి వైపు చూసింది. ఆయన నడుం మీద నా వైపు చూసింది. కదల్లేదు.

"ఫెచ్, బెస్సీ."

కదల్లేదు.

"బావా, గొట్టం నింపుకోండి," అన్నాడు వల్లభరాజు. "పిట్టకి రెండూ అయిపోయాయి. కుక్కకి ఒకటి కావాలిగా."

జగ్గరాజు తుపాకి విరిచి తూటా పెట్టాడు. అది ఒకసారి జారి ఒళ్ళో పడింది. మళ్ళీ పెట్టాడు.

"లేవకండి బాబయ్యా," అన్నాడు ఏడుకొండలు మెల్లగా. "తాటి దోనె. లేస్తే తిరగబడుద్ది."

అప్పుడు గడ్డిలో పరజ రెక్క కొట్టుకుంది. ఆ చప్పుడుకి బెస్సీ దూకింది. దోనె ఊగింది, నీళ్ళు లోపలికి చిందాయి. గడ్డి పాయలుగా కదిలి మూసుకుంది. చాలాసేపు ఏమీ కనపడలేదు. తర్వాత తల పైకెత్తుకుని ఈదుకుంటూ బయటికొచ్చింది. నోట్లో పరజ ఉంది.

"బతికే ఉందండి," అన్నాడు ఏడుకొండలు. "మెడ ఆడిస్తంది."

జగ్గరాజు తుపాకి పక్కన పెట్టి, దోనె అంచు మీంచి వంగి చెయ్యి చాపాడు. మొహం మీద ఎంత వెలుగొచ్చిందో నేను నడుం దగ్గర్నుంచి చూడలేకపోయాను గానీ, పొట్ట వదులవడం తెలిసింది. బెస్సీ దోనె దాకా వచ్చింది. ఆ చేతి పక్క నుంచే ఈదుకుంటూ వెళ్ళిపోయింది. ఈల వేశాడు. మళ్ళీ వేశాడు. అది గట్టెక్కి, ఒళ్ళు కూడా దులుపుకోకుండా, పిట్టని పట్టుకుని చేలకి అడ్డంపడి పోయింది.

"ఎక్కడికి పోతోందిరా?"

"ఇంటికండి," అన్నాడు ఏడుకొండలు. వాడి మొహంలో నవ్వు లేదు. నవ్వు ఎక్కడ దాచాలో తెలిసినవాడు.

వల్లభరాజు గొంతు సవరించుకున్నాడు. "చేతికి అన్నారు బావా. నా చెవులారా విన్నాను. మీ చెయ్యేమో ఇక్కడుంది, పిట్టేమో ఊళ్ళోకి పోయింది."

గట్టు వెంట ఇంటికి నడిచారు ఇద్దరూ. ముందు జగ్గరాజు, భుజాన తుపాకి. వెనక సాక్షి.

పెరట్లో బంగారయ్యమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పరజ. వెనక, గడప లోపల, కుక్క. ఆ గడప దాటనిచ్చింది ఆవిడ ఆ రోజే.

"అడ్డు లే," అన్నాడు జగ్గరాజు.

"లేవను."

"మాటిచ్చాను."

"ఎవరికి? వాడికా?" అని తమ్ముడి వైపు తిరిగింది. "ఒరే వల్లభా, చిన్నప్పుడు అమ్మ పెంచుకున్న చిలకని నువ్వు వదిలేసి నా మీద చెప్పావు. నేను తన్నులు తిన్నాను. నీకు సాక్ష్యం చెప్పడం అప్పట్నించీ సరదాయే. వీధిలోకి పో."

"పోతానక్కా. అరుగు మీద కూర్చుంటాను. చప్పుడు వినపడితే లేచి వెళ్ళిపోతాను," అని వెళ్ళాడు.

"చెక్కు చెదరకుండా తెచ్చింది. చూసుకోండి," అని ఆవిడ పరజని ఎత్తి చూపించింది. "ఒక్క పన్ను గాటు లేదు."

"నా చేతికి అన్నాను."

"మీ చేతిలోంచి ఏం తిందని మీ చేతికి తెస్తుంది?"

అప్పుడు ఆయనకి నేను గుర్తొచ్చాను. నడుం మీంచి పీకి, పొట్ట నొక్కి చూశాడు. మెత్తగా ఉన్నాను.

"మేకులెవరు తీశారు?"

"నేనే. పొయ్యి బూడిదలో పడేశాను. కావాలంటే ఏరి తెచ్చుకోండి. రేపు మీ కంచంలో వడ్డిస్తాను, గుచ్చుకోకుండా ఎలా తినాలో మీరు నేర్పుదురు గాని."

ఆయన ఎడం చేతిలో నేను, కుడి చేతిలో తుపాకి. గడపలోంచి కుక్క కళ్ళు కనపడుతున్నాయి. తుపాకి ఎత్తితే ముందు భార్య ఛాతీ తగులుతుంది. ఆవిడ లేవదు. ఆయనకీ తెలుసు.

వీధిలోంచి గొంతు వినపడింది. "ఇంకా వినపడలేదు బావా."

జగ్గరాజు నన్ను పైకి విసిరాడు. ఏడాదంతా విసిరినట్టే, చెయ్యి పూర్తిగా చాపి, ఎత్తుగా. నేను కొబ్బరాకుల దాకా వెళ్ళాను. ఆ ఒక్కసారే నేను నిజం బాతులా కనపడి ఉంటాను. ఆయన కొట్టాడు. గురి తప్పలేదు. తూటా రవ్వలన్నీ నా లోపల దిగాయి, ఒక రెక్క ఎగిరిపోయింది, దూది పెరడంతా మంచులా రాలింది. నేను గడ్డివాము అవతల పడ్డాను, కాలిన వాసనతో.

తుపాకి పేలితే, పిట్ట పడితే, తేవాలి. ఆ కుక్కకి నేర్పింది అదే, నేర్పింది ఆయనే. ఎవరూ తెమ్మనకుండానే బంగారయ్యమ్మ భుజం మీంచి దూకి వచ్చింది. నేను ఇంకా వేడిగా ఉన్నాను, పొగ వస్తోంది. అయినా పట్టుకుంది. ఆ నోరు ఎంత మెత్తగా ఉందో చెప్పాలంటే నాకు మాటలు ఉన్నాయి గానీ, చెప్పను.

జగ్గరాజు ఒంగి చెయ్యి చాపాడు. "గివ్," అన్నాడు. ఆయన గొంతు అంత తగ్గడం నేను ఎప్పుడూ వినలేదు.

బెస్సీ ఆగింది. ఆ చేతిని చూసింది. వాసన కూడా చూసిందనుకుంటాను, ఆ వేళ్ళ నీడ నా మీద పడింది. తర్వాత పక్కకి తప్పుకుని నడిచి, నన్ను తీసుకెళ్ళి బంగారయ్యమ్మ ఒళ్ళో, పరజ పక్కన పెట్టింది.

ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఖాళీగా.

చప్పుడు వినగానే వెళ్ళిపోతానన్న వల్లభరాజు వెళ్ళలేదు. పక్క సందులోంచి పెరట్లోకి తొంగి చూశాడు. రాలుతున్న దూదిని చూశాడు, బతికున్న కుక్కని చూశాడు, బావ చాచిన చేతిని చూశాడు. నవ్వడానికి నోరు తెరిచాడు. అక్క మొహం చూసి మూసుకున్నాడు. మళ్ళీ మంచినీళ్ళకి ఆ అరుగు ఎక్కలేదు.

మీరు ఆవిడ జాలి గుండె అనుకుంటున్నారేమో. ఆ పరజని ఆ పూటే పులుసు పెట్టింది. భర్తకి వడ్డించింది. కార్జం, తలకాయ మాత్రం కుక్కకి వెయ్యలేదు, గోతిలో పూడ్చింది.

జగ్గరాజు ఆ తర్వాత వేటకి పోలేదు. అన్నమాట తప్పినవాడన్న పేరు ఊళ్ళో కొన్నాళ్ళు తిరిగి, ఇంకొకడి తప్పు దొరకగానే అటు పోయింది. కొల్లేటి మీద పక్షుల్ని కొట్టకూడదని చట్టం వచ్చాక తుపాకిని ఠాణాలో ఇచ్చేశాడు. కుక్క మాత్రం ముసలిదయ్యేదాకా బతికింది. రోజూ పొద్దున్నే ఆయన బిస్కెట్టు పట్టుకుని చెయ్యి చాపేవాడు. అది ఎదురుగా కూర్చునేది, మర్యాదగా. చేతిలోంచి మాత్రం తీసుకునేది కాదు. ఆయన విసుగుపుట్టి నేల మీద పడేస్తే అప్పుడు తినేది. ఒక్కరోజు కూడా తప్పలేదు, ఇద్దరిలో ఎవరూ.

ఇప్పుడు నేను అటక మీద, విరిగిన తిరగలి పక్కన ఉన్నాను. ఒక రెక్క లేదు. నా లోపల సీసం రవ్వలు ఉన్నాయి, కదిపితే గలగలమంటాయి. బెస్సీ చనిపోయిన ఏడాది ఆయన ఓసారి నిచ్చెన వేసుకుని పైకొచ్చాడు. నన్ను ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో నా పొట్ట మీద ఆ పాత మేకు కన్నాల్ని ఒక్కొక్కటీ తడిమాడు. గట్టిగా నొక్కాడు, ఏదో దొరుకుతుందన్నట్టు. ఆ వేలికి గుచ్చుకోవాలని ఎదురు చూశాడో ఏమో.

నేనూ అందుకే ఎదురు చూశాను. ఆవిడ ఒక్క మేకయినా మిగల్చకుండా తీసేసింది.